రెండో కన్ను

పారవేయవలసింది గుడ్డనా, బ్లేడునా?

యంత్రాల వాడకం పుస్తకాలు అచ్చువేసే ఆ కార్యాలయంలో, పొద్దుటి నుంచీ ఆమె ఒక్క వాక్యంతో కుస్తీ పడుతోంది. ‘బ్లేడును గుడ్డతో తుడిచిన పిమ్మట దానిని పారవేయవలెను’ అన్నది ఆ వాక్యం. వ్యాకరణం నిక్షేపంగా ఉంది. అన్వయమే కుదరడం లేదు.

అచ్చుతప్పులు దిద్దే విభాగానికి పెద్ద అయిన మాస్టారు పదవీ విరమణ చేయబోతున్నారు. ఆ కుర్చీ కోసం విభాగంలో అందరికీ యజమాని పెట్టిన పరీక్ష ఇది. నెగ్గితే ఆమెకు రాత్రి డ్యూటీలు తప్పుతాయి. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న కూతుర్ని తెచ్చుకోవచ్చు.

‘దానిని’ కొట్టేసి ‘ఆ గుడ్డను’ అని దిద్దింది. కానీ రెండో కన్ను పడనిదే వాక్యం గడప దాటరాదన్నది మాస్టారు నేర్పిన నియమం. ఆమెకు పని నేర్పిందే ఆయన. అలవాటు కొద్దీ కాగితం ఆయన ముందు పెట్టింది.

“నువ్వు దిద్ది చెడగొట్టావు తల్లీ. ఉన్నది ఉన్నట్టు వదిలెయ్. చదివేవాడికి ఆమాత్రం తెలియదా?”

కళ్లజోడైనా పెట్టుకోకుండానే తేల్చేశారు. ఆ పాండిత్యానికి మనసులోనే చేతులు జోడించి, తన దిద్దుబాటు చెరిపేసింది.

మర్నాడు యజమాని కాగితం చూసి నిట్టూర్చారు.

“ఇది చదివి బ్లేడు పారేసినవాడు మన మీదికి యుద్ధానికి వస్తాడు కదమ్మా. ఎవరికైనా చూపించావా?”

నమ్ముకున్న భాషే నట్టేట ముంచినట్టయింది. నోటిదాకా వచ్చిన పేరును మింగేసింది. పెద్దవయసు, ఏదో పొరబడ్డారు. ఉద్యోగం వదిలి వెళ్లే ముందు ఆయనకు తలవంపులు తేవడమెందుకు?

“లేదండీ. నా తప్పే.”

ఎవరూ నెగ్గలేదనీ, మాస్టారినే మరి కొన్నాళ్లు కొనసాగమన్నామనీ యజమాని చెప్పారు. కూతురి ముఖం కళ్లలో మెదిలింది. అయినా, పోనీ, ఆయనకైనా మేలు జరిగిందనుకుని లేచింది.

“బాధపడకమ్మా, ‘దానిని’ తీసేసి ‘ఆ గుడ్డను’ అని పెడితే చాలని, మాస్టారు ఈ వాక్యాన్ని పరీక్షకు కూర్చి ఇచ్చిన రోజే నాకు చెప్పారు” అన్నారు యజమాని.