ఆఖరి స్థానం

తల్లన్నాక పిల్లల పరువు కాస్తయినా చూడాలి. జిలియన్ తల్లి ఎనిడ్ మాత్రం ప్రతి శనివారం ఉదయం తొమ్మిదింటికి, ఊళ్లో వాళ్లందరి ఎదుటా, ఆ పరువును పార్కు చుట్టూ రెండుసార్లు తిప్పి మరీ తీసి వచ్చేది.

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. ఐదు కిలోమీటర్ల పరుగు. ఎప్పుడూ ఆఖరే. ఒక వారం డెబ్భై మందిలో డెబ్భయ్యో స్థానం, మరో వారం అరవై మందిలో అరవయ్యో స్థానం. ఏడాదిగా ఇదే వరస. ఫలితాలు ఇంటర్నెట్‌లో పెడతారు కాబట్టి జిలియన్ ఆఫీసులో అందరూ చదువుకునేవారు. సోమవారం టీ దగ్గర, మీ అమ్మగారు ఈసారి కూడా స్థానం నిలబెట్టుకున్నారే అని అభినందించేవారు.

జిలియన్ ఇక మానెయ్యమంది. మోకాళ్లంది, గుండె అంది, వయసంది.

"ఎవరో ఒకరు ఆఖర్న రావాలి కదే," అంటూ ఎనిడ్ బిస్కట్ టీలో ముంచుకుంది.

ఆవిడ వారమంతా ఎదురుచూసేది ఆ ఒక్క ఉదయం కోసమేనని జిలియన్‌కి తెలుసు. అయినా పరువు పరువే. వచ్చే శనివారం తనూ పరిగెడతానంది. ఎనిడ్ మళ్లీ ఆఖర్న వస్తే బూట్లు కూతురి చేతికిచ్చేసి ఇంట్లో కూర్చోవాలి. ఎనిడ్ ఎందుకో మారు మాట్లాడకుండా ఒప్పుకుంది.

విక్టోరియా రాణి కాలంలో ఓ నూలు మిల్లు యజమాని ఊరికి దానమిచ్చిన పార్కు అది. ఇప్పుడు ఫౌంటెన్‌లో నీళ్లకు బదులు ఖాళీ చిప్స్ ప్యాకెట్లున్నాయి. బ్యాండు మేళం మంటపం రంగంతా పెచ్చులూడింది. దాతగారి విగ్రహానికి ముక్కు లేదు. గులాబీ తోటకు నీళ్లు పోయలేక గడ్డికి వదిలేసిన మునిసిపాలిటీ వారు, అక్కడ 'సహజ వనం' అని బోర్డు మాత్రం కొత్తది పెట్టారు.

పరుగు నడిపే క్లిఫర్డ్ అందరికీ ఏవో నియమాలు చెబుతున్నాడు. జిలియన్ వినలేదు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెప్పే గడియారాన్ని సవరించుకుంటోంది. జిలియన్ జిమ్ములో సభ్యురాలు. వెళ్లదు, కానీ సభ్యురాలు.

ఈల వినగానే దూసుకుపోయింది. ఫౌంటెన్ దాటేసరికి డొక్కలో పోటు మొదలైంది. మంటపం దగ్గర ఒకావిడ పసిపిల్ల బండి తోసుకుంటూ దాటిపోయింది. విగ్రహం దగ్గర దాటిన కుక్క వెనక్కి తిరిగి జాలిగా చూసింది కూడా.

రెండో చుట్టు వచ్చేసరికి జిలియన్ వెనక ఎనిడ్ తప్ప ఎవరూ మిగల్లేదు. ఆవిడకి ఆయాసమైనా లేదు. నారింజ రంగు కోటు వేసుకుని, దారి చూపే బాణం గుర్తుల్ని ఒక్కొక్కటే పీకి చంకన పెట్టుకుంటోంది. పరుగు మధ్యలో ఇల్లు సర్దినట్టు సర్దే మనిషిని జిలియన్ ఎక్కడా చూళ్లేదు.

"అవి వదిలేసి నన్ను దాటి పోమ్మా. నీ బూట్లు నీకే ఉంటాయి."

"నువ్వు పద తల్లీ. నీ వెనకే ఉన్నాగా."

జిలియన్ నడిస్తే ఎనిడ్ నడిచింది. లేసు కట్టుకునే వంకతో బెంచీ మీద కూలబడితే, పక్కనే నిలబడి తన పెరట్లో డేలియా పూల సంగతి చెప్పుకొచ్చింది. ఆఖరి మలుపులో చెయ్యి పట్టి ముందుకు లాగినా వెనక్కే జరిగింది. మొండితనానికైనా ఒక హద్దుండాలి.

జిలియన్ గీత దాటింది. రెండడుగుల వెనక ఎనిడ్. అరవై మూడు మందిలో అరవై మూడో స్థానం.

జిలియన్ ఊపిరి కూడదీసుకుని చెయ్యి చాచింది. "బూట్లు."

ఎనిడ్ బుద్ధిగా వంగి లేసులు విప్పసాగింది. ఇంతలో క్లిఫర్డ్ వచ్చి ఆవిడ చంకలోని బాణాలు అందుకున్నాడు. వచ్చే వారం కూడా అదే పనికి సంతకం పెట్టమంటూ, పరుగులో స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్ల పనుల జాబితా చేతికిచ్చాడు. తల్లి భుజం మీదుగా జిలియన్ అది చదివింది. మళ్లీ చదివింది.

"తప్పు నాదేనమ్మా," అంది చివరికి, అందరికీ వినబడేలాగే, "ఆఖర్న వచ్చామని ఎవరూ చిన్నబుచ్చుకోకుండా అందరి వెనకా రావడమే నీకిచ్చిన పనైతే, ఇవాళ ఆఖర్న వచ్చింది నేను."