మూర తక్కువ

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

వరసగా ఇది నాలుగో రోజు. గ్రంథాలయం కింది హాల్లో కాపలా కాసే ఆమె కుర్చీలోంచి లేవకుండానే కళ్ళు చికిలించింది.

హాల్లో రెండు తిమింగలాల బొమ్మలు వేలాడుతున్నాయి. తల్లి, పిల్ల. అసలువి ఎంతున్నాయో అంతే చేశామని పక్కన పలక మీద రాసి ఉంది. తల్లి పైకప్పు కింద మబ్బులా ఉంటుంది. పిల్ల మాత్రం మనిషి ఛాతీ ఎత్తుకు దిగి ఉంటుంది. ఆమె గుండెల మీద కుంపటి ఆ పిల్లే.

ఆమెకు ముందున్న కాపలావాడి ఉద్యోగం పోయింది దాని వల్లే. ఎవరో మేకుతో పిల్ల పొట్ట మీద తన పేరూ, ప్రియురాలి పేరూ గీకి పోయారు. గీకినవాడు దొరకలేదు, కాపలావాడు దొరికాడు.

ఒకటో తారీఖుకి ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఇంకా తొమ్మిది రోజులుంది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, బడికెళ్ళే పిల్లలిద్దరు. ఈ తొమ్మిది రోజులూ దాని ఒంటి మీద గోరు పడకుండా గడిపించు స్వామీ అని రోజూ దణ్ణం పెట్టుకునే ఇంట్లోంచి బయలుదేరుతోంది.

ఆ మనిషి పిల్ల పక్కకు చేరి రెండు చేతులూ చాపాడు. గుమ్మానికి తల తగిలేంత పొడుగు. ఆ చేతులు ఇంకా పొడుగు.

"చూడక్కా, వాటేసుకుంటున్నాడు," ఊడ్చే అమ్మాయి చీపురు ఆపింది. "పెళ్ళాం ఇంట్లోంచి తరిమేసిందేమో."

"నవ్వుతావేంటే. తాకకూడదని అంత బోర్డు పెడితే."

"తాకట్లేదుగా. వెంట్రుకవాసి దూరంలో ఉంచాడు."

"అదే నా అనుమానం. తాకేవాడైతే పట్టుకుందును. తాకకుండా చేతులు చాపేవాడి మనసులో ఏముందో ఎలా పట్టుకోను?"

లేచి వెళ్ళింది.

"ఏం పెద్దాయనా, ఏంటి చూస్తున్నారు?"

"పిల్ల మూర తక్కువొస్తోంది తల్లీ."

"ఏం తక్కువొస్తోంది?"

"మూర. మూడు బారలుండాలి." చేతులు రెండూ బార్లా చాపి చూపించాడు. "ఇలాంటివి మూడు."

"పలక మీద అంతా రాశారు. చదవడం రాదా?"

"రాదు."

"రాకపోతే అడిగి తెలుసుకోవాలి. చదువుకున్నవాళ్ళు లెక్కేసి చేశారు."

"లెక్క మంచిదే తల్లీ. మూరే తక్కువ."

"మీ పేరు?"

"నా పేరుతో ఏం పని? పిల్ల సంగతి పైవాళ్ళకి చెప్పు, చాలు."

పేరు చెప్పనివాణ్ణి ఎవరు నమ్ముతారు? ఆమె పుస్తకంలో రాసుకుంది: పొడుగు మనిషి. నాలుగోసారి. అనుమానం.

మధ్యాహ్నం మేడ మీద ఆఫీసులో ఆ మాట చెప్తే అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు పిల్ల పొట్ట కింద తెల్లటి గీతలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు.

ఆమె ఉరికి వెళ్ళి పక్కనే ఉన్న ఆ పొడుగు మనిషి మణికట్టు పట్టుకుంది. గుప్పిట్లో సుద్దముక్క ఉంది.

"నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?"

"ఒంటిగాణ్ణి తల్లీ. చెయ్యి ఎందాకా వచ్చిందో గుర్తు పెట్టుకోకపోతే రెండో బార ఎక్కణ్ణించి మొదలెట్టను?"

సూపర్‌వైజరు వచ్చాడు. "ఏమయ్యా, ఇది నీ అత్తారి గోడ అనుకున్నావా? ఇంకోసారి కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తాను."

ఆ మనిషి ఎదురు చెప్పలేదు. చెయ్యి విడిపించుకోవాలని కూడా చూడలేదు. ఆమే వదిలింది. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి, పరాయింట్లో వదిలిపెట్టిన బిడ్డని చూసినట్టు పిల్ల వంక చూసి వెళ్ళిపోయాడు.

ఆమె తడిగుడ్డతో గీతలు తుడిచింది. ఆనవాలు కూడా మిగలకుండా తుడిచింది.

"శభాష్," అన్నాడు సూపర్‌వైజరు. "నీ కాగితం వచ్చేసినట్టే అనుకో."

మనసు కుదుటపడాలిగా. పడలేదు. దొంగ అయితే ఒక్కమాటైనా బుకాయించడా?

ఒకటో తారీఖున కాగితం వచ్చింది. అదే రోజు ఆ బొమ్మలు చేసిన శిల్పి కూడా వచ్చింది. గోళ్ళ నిండా జిగురు మరకలున్న నడివయసు మనిషి.

"పిల్ల మూర తక్కువ అన్నది ఎవరమ్మా? మేడ మీద నవ్వుకుంటూ చెప్పారు."

"ఎవరో పిచ్చాయనండి. రానివ్వడం లేదు."

"పొడుగ్గా ఉంటాడా?"

"గుమ్మం తగులుతుంది. చేతులైతే..." ఆమె తన మోకాలు చూపించింది.

శిల్పి పిల్ల పక్కకు వెళ్ళి తన చేతులు బార్లా చాపి చూసుకుంది.

"మేము బార అంటే ఆరడుగులు వేసుకున్నాం. ఎవరి బార అని ఆలోచించలేదు. ఏమైనా గుర్తులు పెట్టాడా?"

"పెట్టాడండి. తుడిచేశాను."

"పేరు?"

"చెప్పలేదు. ఊరు నేనడగలేదు. ఎవరమ్మా ఆయన?"

శిల్పి తలెత్తి పిల్ల పొట్ట వంక చూసింది.

"ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఈ తల్లీపిల్లల్ని సముద్రం తిరిగి లాక్కుపోయేలోపు చూసిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడమ్మా, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఆయన తన చేతులతో కొలిచి పంపిన బారల లెక్క పట్టుకునే నేను వీటిని చేశాను."