మట్టి దొంగలు

వెంచర్ల కోసం కొండను తవ్విన మట్టి వానకు కొట్టుకుపోతే ఎవరిదో తెలియాలని, దానిలో కంటికి కనపడని గుర్తు కలపాలని చట్టం తెచ్చారు. గుర్తున్నది సొత్తే కదా, అది ఎవరింట దొరికితే వాళ్లే దొంగలని కంపెనీలు కోర్టులో వాదించి గెలిచాయి.

మొన్నటి వానకు మధురవాడ కొండ కింద ఉండే పైడమ్మ ఇంట్లోకి మోకాలి లోతు బురద వచ్చింది. బియ్యం డబ్బా మునిగింది. బురద ఎత్తించమని ఎన్ని ఫోన్లు చేసినా ఆ కొండను తవ్విన కంపెనీ పలకలేదు. దాని డ్రోన్ మాత్రం వచ్చి గుమ్మంలో వాలింది. వెనకే శశాంక్ అనే ఉద్యోగి దిగాడు.

"మా మట్టి మీ ఇంట్లో ఉందమ్మా. కేసవుతుంది."

"నానేటి తెచ్చుకున్నానా బాబూ? అదే వొచ్చీసింది."

"దొంగలంతా అదే అంటారు."

దొంగసొత్తు స్వాధీనమంటూ కంపెనీ మరమనుషులు మంచం కోళ్ల సందుల్లోంచి కూడా మట్టి పీల్చి, గచ్చు కడిగి మరీ పట్టుకుపోయాయి. ఆరిన గచ్చు మీద పైడమ్మ కడిగిన బియ్యం ఆరబోసుకుంది.

పక్కింటి నూకాలు బురద కాళ్లతో వచ్చి తొంగి చూసింది. "ఎవులు కడిగేరే?"

"దొంగనని ఒప్పీసుకున్నానే."

మర్నాడు నేరం ఒప్పుకోవడానికి వీధంతా పోలీసు స్టేషన్ ముందు వరస కట్టింది. శశాంక్ పరుగెత్తుకొచ్చాడు.

"అంత మట్టి మేమెక్కడ పోసుకోవాలమ్మా? మీరే ఉంచేసుకోండి."

"పరాయి సొత్తు మాకెందుకు బాబూ," అంది పైడమ్మ. "ఎత్తించీయండి."