ఐదో కుర్చీ

"మరీ చిన్నగా ఉండాలి బాబూ. భుజాన వేసుకుని ఎక్కడికైనా వెళ్ళేలా."

ఆవిడ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. బోర్డు, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు వేడిని లాగేసే కూలరు. చివర్న చెప్పుల డబ్బా అంత ఖాళీ పెట్టె.

ఆ కంప్యూటరు కొట్టతన్ని బజారంతా బుల్లిపెట్టె అనే పిలుస్తుంది. ఎంత బరువైన గేమింగ్ కంప్యూటరునైనా అంత చిన్న డబ్బాలోనే ఇరికించి ఇస్తాడు. పిట్ట కొంచెం కూత ఘనం, పెద్ద పెద్ద మిషన్లు ఆయాసపడే ఆటలు అతని పెట్టెల్లో పరుగులు పెడతాయి. పనిమంతుడే. నోటికే కాస్త దురద.

"గ్రాఫిక్స్ కార్డు గట్టిదే తెచ్చారే! మీ అబ్బాయి చెప్పి పంపాడా పిన్నిగారూ?"

"నేనే ఏరుకున్నాను."

"మీరా!" కిసుక్కున నవ్వాడు. "పేకాట ఆడుకోడానికి ఇంత సరుకా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమండీ!"

ఆవిడా నవ్వేసింది. 

"సాయంత్రం రండి. ఇచ్చేస్తా."

నిజానికి ఆ వేళ అతని మనసు పని మీద లేదు. మర్నాడే పోటీ.

అతనూ ఆడతాడు మరి. జట్టుకి కెప్టెన్ కూడాను. ఐదుగురి జట్టు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, ఒకరి గొంతు ఒకరు విన్నది లేదు. ఆట గోలలో మాట వినపడదని అందరూ టైపు చేసుకోవడమే. పోటీ మాత్రం హాల్లో. ఎవరి పెట్టె వాళ్ళు మోసుకురావాలి. ఐదు కుర్చీలూ నిండితేనే ఆడనిస్తారు.

ఆ ఐదోవాడే గండుచీమ. ఆటలో పెట్టుకున్న పేరది.

బుల్లిపెట్టె దుందుడుకుగా దూకి శత్రువుల మధ్య ఇరుక్కున్నప్పుడల్లా తెర మీద ఒకటే ముక్క పడేది. "కదలకు. వస్తున్నా." వచ్చి తీరేది గండుచీమ. తండ్రి పోయి అతను ఆటే మానేస్తానన్నప్పుడు, రోజూ "తిన్నావా?" అని అడిగిందీ గండుచీమే. తోడబుట్టినవాడైనా ఇంతలా చూసుకోడురా అనుకునేవాడు. రేపు కనపడగానే గట్టిగా కావలించుకోవాలి. పెద్ద కప్పు గెలిచినా ఆ తర్వాతే.

ఇంక పనేం సాగుతుంది? చేతులు బోర్డు మీద, చెవులు బజారు స్నేహితుడొకడి ఫోన్లో, రేపటి పోటీ కబుర్ల మీద. గబగబా బిగించేశాడు. ఆవిడ వచ్చి పట్టుకెళ్ళింది.

తెల్లారి అతను తన పెట్టె సర్దుకుని షట్టరు దించబోతుంటే, ఆవిడ ఆ పెట్టెతో రొప్పుకుంటూ వచ్చింది.

"ఆన్ చేసిన కాసేపటికే కాలిపోయేంత వేడెక్కి ఆగిపోతోంది బాబూ!"

"ఏ గుడ్డో కప్పుంటారు. చిన్న పెట్టెలకి వేడి మామూలే పిన్నిగారూ."

"ఒక్కసారి విప్పి చూడు నాయనా. ఇవాళే కావాలి."

"ఇవాళ ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా కుదరదు. నాకు పోటీ ఉంది."

ఆవిడ ఏదో అంటూనే ఉంది. షట్టరు చప్పుడులో అది కలిసిపోయింది.

హాల్లో ఐదో కుర్చీ ఖాళీ.

"మీవాడేడి?" అన్నాడు పోటీ పెద్ద.

"వస్తాడండీ. మాట తప్పే మనిషి కాడు."

గుమ్మం వైపు చూసీ చూసీ మెడలు పట్టేశాయి. రాలేదు.

"ఇంక లేవండి. వెనక జట్టు ఎదురుచూస్తోంది."

ఒక్క ఆటైనా ఆడకుండానే లేచారు. నలుగురూ పెట్టెలు భుజానేసుకుని, తలలు దించుకుని బయటికొచ్చారు. సాయంత్రం ఇంటికి చేరగానే బుల్లిపెట్టె టైపు చేశాడు.

"నమ్మించి గొంతు కోశావు. నీలాంటివాడు మాకొద్దు."

జట్టులోంచి ఆ పేరు తీసిపారేశాడు. కోపం వచ్చిందనుకున్నాడు గానీ, వచ్చింది ఏడుపు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"తీరిక చిక్కిందా బాబూ?"

ఆవిడ చేతిలోంచి పెట్టె అందుకుని విప్పాడు. కూలరు ఎత్తాడు. అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. బిగించే ముందు దాన్ని పీకెయ్యాలి, లేకపోతే వేడి బయటికి పోయే దారే లేదు. పని నేర్చుకునే రోజుల్లో చేసే తప్పు. బుల్లిపెట్టె చేశాడంటే బజారు పగలబడి నవ్వుతుంది.

చటుక్కున పీకి, నలిపి, జేబులో దోపుకున్నాడు.

"ఏమైంది?"

"దుమ్మండీ. శుభ్రంగా ఉంచుకోవాలి పిన్నిగారూ, ఇవి ఆటబొమ్మలు కావు."

ఆవిడ తల వంచుకుంది. తప్పు తనదే అనుకుంది పాపం.

అంతలో స్నేహితుడి ఫోను. భుజానికీ చెవికీ మధ్య ఇరికించి స్క్రూలు బిగించసాగాడు.

"ఆ గండుచీమగాడి పేరెత్తకురా నా దగ్గర! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. నేనా? నిన్న సాయంత్రమే పీకి పారేశా. కెప్టెన్ని నేను కాదూ!"

ఫోను పెట్టేసి స్విచ్ నొక్కాడు. ఆట ఝామ్మని పరుగందుకుంది. పెట్టె మీద చెయ్యేసి చూశాడు, చల్లగానే ఉంది.

"చూశారా? తీసుకెళ్ళండి. ఇంక మీ అబ్బాయి ఇష్టం."

ఆవిడ పెట్టె వైపు చూడలేదు. అతని మొహమే చూస్తోంది.

"నాకు పిల్లల్లేరు. ఇది నువ్వే ఉంచుకో."

"అదేంటండీ, బాగైపోయిందిగా!"

ఆవిడ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"నిన్న పనిచేసే పెట్టె లేదని హాలు బయట గేటు దగ్గరే ఆపేశారు," అంది మెల్లగా. "గండుచీమకి జట్టే లేకుండా చేశావు కదా నాయనా, ఇంక దీంతో నేనెవరితో ఆడను?"