ఏలియా గొంతు

"యాంటీబయాటిక్ రాయనంటే రాయను ఏలియాగారూ. ఇది ఉత్త జలుబు. వేడినీళ్ళు తాగండి, ఉప్పునీళ్ళు పుక్కిలించండి. వారానికి అదే పోతుంది" అన్నాడు డాక్టరు హేమంత్‌కుమార్.

"ఉప్పునీళ్ళు చెప్పేదానికి నువ్వెందుకు సారూ? హూడి సర్కిల్లో టీ అంగడోడు చెప్తాడు" అన్నాడు ఏలియా. గొంతు రంపం కోసినట్టు వచ్చింది.

ఆ గొంతే అతని బాధ. ఆదివారం చర్చిలో పాట ఎత్తవలసింది అతను. గొంతు లేవకపోతే స్టీఫెన్ ఎత్తుతాడు. స్టీఫెన్‌కు తాళం తెలియదు, తెలియదన్న సిగ్గూ లేదు. ఒకసారి మైకు పట్టుకుంటే ఇక వదలడు. ఇదంతా చెప్పి చూశాడు ఏలియా. జలుబు మీద ఆ మందులు పనిచేయవని, ఊరికే మింగితే నిజంగా అవసరం వచ్చిన రోజున క్రిములు లొంగవని చెప్పి, డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇంట్లో కోడలు జ్యోత్స్నదీ అదే మాట. ఆమె నర్సు. మామ మాత్ర అడిగితే అల్లం కషాయం చేతిలో పెట్టి డ్యూటీకి పోయింది.

భార్య పోయాక ఏలియా ఎవరి మాటా వినడం మానేశాడు. ఆమె ఉన్నప్పుడూ విన్నది తక్కువే. కషాయాన్ని సింకులో పోశాడు. కోడలి సంగతి అతనికి తెలుసు. ఈమధ్య పొద్దున్నే ముఖం వాడ్చుకుని వంటింట్లోకి వస్తుంది. ఎవరూ చూడకుండా రాగిపిండి డబ్బా వెనక నుంచి పసుపుపచ్చ మాత్ర ఒకటి తీసి మింగుతుంది. ఊరందరికీ కషాయం, తనకు మాత్రం మాత్ర. ఏలియా ఆ స్ట్రిప్పులో సగం కత్తిరించి జేబులో వేసుకున్నాడు. రోజుకొకటి మింగాడు.

ఆదివారం గొంతు ఖంగుమంది. స్టీఫెన్ వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టవలసి వచ్చింది.

మరునాడు ఏలియా మళ్ళీ క్లినిక్కుకు పోయాడు. జబ్బు చూపించుకోవడానికి కాదు, జగడానికి. బయట కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా మొదలుపెట్టాడు.

"నువ్వియ్యని మందు నా ఇంట్లోనే ఉండాది సారూ. నా కోడలు జనానికి వద్దంటాది, తాను దొంగచాటుగా మింగుతాది. దీంతోనే వచ్చింది నా గొంతు" అని మిగిలిన ముక్కను బల్ల మీద పడేశాడు.

డాక్టరు దాన్ని తిప్పి వెనక అక్షరాలు చదివాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. నవ్వు ఆపుకోవడం అతనికి కష్టంగానే ఉంది.

"మీ గొంతు దీంతో రాలేదు. వారం గడిచింది, వచ్చింది. ఇది తీసిన చోటే పెట్టేయండి. మీ కోడలు తన నోటితో చెప్పేదాకా మీకేమీ తెలియనట్టే ఉండండి."

"ఏం తెలియనట్టు?"

"ఇవి నెల తప్పిన ఆడవాళ్ళకు ఇచ్చే మాత్రలు, తాతగారూ."