తలుపు సందులోంచి

మా గాజుతొట్టెలో ఉప్పునీళ్ళ చేపలు ఆరున్నాయి. మూడు నెలలుగా మేత వేస్తున్నది నేనే. ఒక్కదాని తోక కూడా చూడలేదు.

"మీరు గది దాటగానే అన్నీ బయటికొస్తాయి నాన్నా," అంది కూతురు.

"కార్ఖానాలో రెండొందల మందిని నడిపిన మేస్త్రీని. మేత వేసేవాడికే మొహం చాటేస్తాయా?" అన్నాను.

ఆ సాయంత్రం నా గదిలోకి పోయి, తలుపు సందులోంచి కాపు కాశాను.

ముందు కూతురొచ్చింది. తొట్టె ముందు చతికిలబడి, "రండర్రా, మేస్త్రీగారు వెళ్ళారు. ఇక మనకేం భయం లేదు," అంటూ నవ్వింది.

చేపలొచ్చాయి. ఎరుపో పసుపో చెప్పలేను. నవ్వితే నా కూతురి బుగ్గ సొట్టపడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ సంగతి నాకు తెలియదు.

గొంతులో దగ్గు పొడుచుకొచ్చింది. అరచేత్తో నోరు నొక్కుకుని అక్కడే నిలబడ్డాను.