కదలని రేటు

"అమ్మెయ్యి బావా! రేటు మొన్నట్నుంచీ చెక్కుచెదరలేదుగా," అన్నాడు బావమరిది.

దర్జీ ఫోన్‌లో ఐదోసారి అమ్మకం మీట నొక్కాడు. భార్య కంటి ఆపరేషన్‌కు దాచిందంతా పోసి, షేరు ధర పెరుగుతుందని పందెంలా కొన్న ఆప్షన్ అది. పావుగంటలో గడువు తీరితే చిత్తుకాగితం. లోపలి గదిలో ఆమె ఆస్పత్రి సంచి సర్దుకుంటోంది.

"కొనేవాడేడీ?"

"సగానికిచ్చెయ్."

"పావుకే పెట్టాన్రా. ఒక్కడూ రాలేదు."

"మొన్న ఈ రేటుకి ఎవడో మహానుభావుడు కొన్నాడుగా! వాడికే అంటగట్టు."

దర్జీ ఆ చివరి బేరం జరిగిన సమయం చూశాడు. మొన్న, పదీ నలభై. ఆ తర్వాత ఒక్క బేరమూ లేదు. రేటు నిలబడిందని తను మురిసిపోయిన రెండు రోజులూ, ఎవరూ ముట్టకే అది అలా పడి ఉంది.

"ఆ మహానుభావుణ్ణి నేనేరా," అన్నాడు.

"ఏమండీ, బయల్దేరదామా?" అంది లోపల్నుంచి భార్య.